ఇంటి వీడియోలకు ఏ కెమెరా? ముందు మాట వినపడాలండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పది నెలల బాబు, కూచిపూడి నేర్చుకుంటున్న ఐదేళ్ళ పాప. కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఏడాదిలో నాలుగైదు నెలలు తణుకు నుంచి వచ్చి మీ దగ్గరుండే అమ్మానాన్నలు. చేతిలో అరవై వేలు. ఆన్‌లైన్‌లో ఎనిమిది వేలకు కనిపిస్తున్న '4కె క్యామ్‌కార్డర్' కొనాలా, తెలిసినాయన అమ్ముతానంటున్న సోనీ సీఎక్స్405 హ్యాండీక్యామ్ తీసుకోవాలా, జేబులో పట్టే చిన్న వీడియో కెమెరా డీజేఐ పాకెట్ 3కి వెళ్ళాలా, లేకపోతే చేతిలో ఉన్న ఫోనే సరిపోతుందా అని అడిగారు. మోడళ్ళ సంగతికి వస్తాను. దానికి ముందు ఇంకో మాట చెప్పాలి, నా సలహా అంతా అక్కణ్ణుంచే వస్తుంది కాబట్టి.

నేను రాజమండ్రిలో 1991 నుంచి పెళ్ళిళ్ళ వీడియోలు తీశాను. భుజం మీద పెట్టుకునే వీహెచ్ఎస్ కెమెరాలు, తర్వాత చిన్న డిజిటల్ క్యాసెట్ల మినీడీవీ, ఆ తర్వాత మెమరీ కార్డులు. కొన్నేళ్ళుగా తీయడం తగ్గించి, జనం బీరువాల్లోంచి తెచ్చే పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని చేస్తున్నాను. గంట క్యాసెట్ ఎక్కడానికి గంటా పడుతుంది. ఆ గంటసేపూ ఆ ఇంటివాళ్ళు నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఏళ్ళ తరబడి అలా చూసి చూసి, ఇంటి వీడియోలో చివరికి మనుషులు వెతుక్కునేదేమిటో నాకు తెలిసింది.

జీలకర్ర బెల్లం దగ్గర ఎవరూ ఆగరండి. తలంబ్రాలు, అప్పగింతలు, గ్రూపు ఫొటోలు, అన్నీ 'ముందుకు లాగండి' అంటారు. ఒకసారి ఓ అమ్మాయి... అమ్మాయంటే ఇప్పుడు యాభై దాటిన మనిషి, 1998 నాటి హై8 క్యాసెట్ తెచ్చింది. అందులో ఎవరో కెమెరాను అరుగు మీద పెట్టి ఆఫ్ చేయడం మరిచిపోయారు. నాలుగు నిమిషాలు. ఫ్రేము పక్కకి ఒరిగిపోయి ఉంది. కనిపించేదల్లా సగం చేట, ఆ చేటలో బియ్యం ఏరుతున్న రెండు చేతులు, ఎడమ మణికట్టుకి నల్లదారం. మనిషి కనపడదు. మాట మాత్రం వినిపిస్తుంది. 'ఏమ్మా, నిన్నటి పెరుగులో నీళ్ళెక్కువైనయ్యి, ఇవాళ ఇంకో గరిటె వెయ్యి' అని పెరుగమ్మతో బేరం. మధ్యలో రాయి దొరికితే చేట అంచుకి కొట్టి కింద పడేసే చప్పుడు. ఆ గొంతు ఈ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మదట. ఆ నాలుగు నిమిషాలూ ఐదుసార్లు వేయించుకుని, పెళ్ళి భాగం చూడకుండానే వెళ్ళిపోయింది.

ఇంకోటి నాదే. 2001 మే నెలలో మా అమ్మ ఆవకాయ కలుపుతుంటే కొత్త మినీడీవీ కెమెరా పరీక్షించడానికి అరగంట తీశాను. కొలతలన్నీ చెప్తూ కలిపింది. అప్పట్లో మా వృత్తిలో అలవాటు, దేనికైనా పాట వేసెయ్యడమే. ఆ అరగంటను ఆరు నిమిషాలకు కోసి, అసలు ధ్వని తీసేసి, వీణ సంగీతం పెట్టాను. టేపు ఖరీదైంది కదా అని దాని మీదే ఇంకో ఫంక్షన్ రికార్డు చేశాను. ఇప్పుడు అమ్మ లేదు. ఆ ఆరు నిమిషాల్లో పెదవులు కదులుతాయి, వీణ వినిపిస్తుంది. ఆవపిండి ఎంత వెయ్యమంటోందో పెదవులు చూసి పోల్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. కెమెరా అడిగినవాళ్ళెవరికైనా మొదట ధ్వని గురించే చెప్పేది అందుకేనండి. రెజల్యూషన్ తర్వాత.

సరే, మీ ఇంట్లోకి వద్దాం. మన ఇళ్ళలో తీసే వీడియోకి పైన తిరిగే ఫ్యాను పెద్ద శత్రువు. దానికి తోడు కుక్కరు, మిక్సీ, టీవీ, కింద రోడ్డు మీద హారన్లు. ఏ కెమెరాలోనైనా మైకు తన చుట్టూ ఉన్నదంతా తీసుకుంటుంది, పైగా ఇంట్లో నిశ్శబ్దం కాగానే ఆటోమేటిగ్గా వాల్యూమ్ పెంచేసి ఫ్యాను చప్పుడునే పైకి లేపుతుంది. దీనికి మందు ఖరీదైన మైకు కాదు, దూరం తగ్గించడం. ఎనిమిది అడుగుల నుంచి నాలుగడుగులకు వస్తే మాట సుమారు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాను చప్పుడు ఎక్కడున్నా దాదాపు అంతే ఉంటుంది. అంటే దగ్గరికెళ్ళి కూడా మనిషి మొత్తాన్నీ ఫ్రేములో ఇమిడ్చే కెమెరా కావాలి మీకు. వెడల్పుగా చూసే లెన్సు ఇల్లు చూపించడానికే కాదు, మాట వినిపించడానికి కూడా పనికొస్తుంది. ఇది బ్రోషర్లలో ఎవరూ రాయరు.

అంకెల్లో చెప్తాను. లెన్సును మిల్లీమీటర్లలో చెప్తారు, ఆ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా చూస్తుంది. పాత మినీడీవీ హ్యాండీక్యాములు చాలావాటికి లెన్సు వెడల్పు వైపు సుమారు 45 మిల్లీమీటర్ల దగ్గర మొదలయ్యేది. పదడుగుల దూరం నుంచి ఎనిమిదడుగుల వెడల్పే కనపడేది. అందుకే ఆ రోజుల్లో మేము గోడకి వీపు ఆనించి, తలుపు బయటికెళ్ళి తీసేవాళ్ళం. సీఎక్స్405 లాంటి హ్యాండీక్యాములు 26.8 దగ్గర మొదలవుతాయి, అదే పదడుగుల నుంచి పదమూడడుగులు కనిపిస్తుంది. పాకెట్ 3 లెన్సు 20 మిల్లీమీటర్లు, పద్దెనిమిదడుగులు పడుతుంది. మీ హాల్లో భోగిపళ్ళు పోస్తున్నారనుకోండి. మధ్యలో పీట మీద బాబు, చుట్టూ పదిమంది పేరంటాళ్ళు, పళ్ళెంలో రేగిపళ్ళు, చెరకు ముక్కలు, చిల్లర. మీరు ఎక్కడ నిలబడతారు? నాలుగడుగుల చోటు కూడా ఉండదు. అక్కడ 45 లెన్సుతో బాబు తప్ప ఇంకేమీ రాదు. 20తో బాబూ వస్తాడు, పోస్తున్న చేతులూ వస్తాయి, పాడుతున్న మీ అమ్మగారూ వస్తారు.

భోగిపళ్ళు సాయంత్రం పోస్తారు కదా, అంటే ట్యూబ్‌లైటు వెలుతురు. రెండో చిక్కు ఇక్కడుంది. కెమెరాలో వెలుతురు పట్టే ముక్కను సెన్సర్ అంటారు. 2015లో వచ్చిన సీఎక్స్405లో ఆ ముక్క మూల నుంచి మూలకి 3.1 మిల్లీమీటర్లు, పెసరగింజ కన్నా చిన్నది. సోనీలోనే పై తరగతి ఏఎక్స్43, ఏఎక్స్53లలో 7.2 మిల్లీమీటర్లు. పాకెట్ 3లో 16 మిల్లీమీటర్ల దగ్గర, చింతగింజంత. విస్తీర్ణంలో చూస్తే మొదటిదానికీ చివరిదానికీ పాతిక రెట్ల పైనే తేడా. పగలు వరండాలో తీస్తే ఈ తేడా మీకు తెలియదు. రాత్రి ఎనిమిదింటికి హాల్లో తీసి టీవీలో వేస్తే చీర మీద చీమలు పాకుతున్నట్టు చుక్కలు కదులుతాయి, పిల్లవాడి మొహం మైనం బొమ్మలా తయారవుతుంది. మీరు ఉద్యోగస్తులు. పిల్లలతో మీరుండేదే రాత్రిళ్ళు. మీ వీడియోల్లో ఎక్కువభాగం ట్యూబ్‌లైటు కిందే ఉంటాయి.

ట్యూబ్‌లైటు మాట వచ్చింది కాబట్టి మీ బావగారు డల్లాస్ నుంచి తెస్తానన్న కెమెరా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. మన లైటు సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంది, కంటికి కనపడదు. అమెరికా పద్ధతిలో సెకనుకి 30 లేదా 60 ఫ్రేములు తీసే కెమెరాకి మాత్రం ఆ లెక్క కుదరదు, తెర మీద వెలుతురు అలలు అలలుగా కదులుతుంది. చవక ఎల్ఈడీ బల్బుల కింద కూడా ఇంతే. మన దగ్గర 25 లేదా 50 ఫ్రేములు పెట్టుకోవాలి, షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుతురు పట్టే సమయం, సెకనులో 1/50 లేదా 1/100 వంతు ఉండాలి. కొన్ని ఫోన్లలో, పాకెట్ 3లో ఈ మార్పు సెట్టింగుల్లోనే చేసుకోవచ్చు. సోనీ హ్యాండీక్యాములు మాత్రం ఏ దేశానికి చేసినవి ఆ దేశం పద్ధతికే బిగించి వస్తాయి. అక్కణ్ణుంచి తెచ్చింది ఇక్కడ మార్చలేరు. ఒకవేళ ఇప్పటికే తెచ్చేసి ఉంటే, మెనూలో షట్టర్ మార్చే వీలుంటే 1/100కి పెట్టండి, అలలు ఆగిపోతాయి. బావగారు ఏదైనా తేవాలనుకుంటే మంచి మెమరీ కార్డులు తెమ్మనండి, అవి ఏ దేశంవైనా ఒకటే.

ఇక ఎనిమిది వేల '4కె క్యామ్‌కార్డర్'. వద్దండి, దయచేసి వద్దు. ఇలాంటివి నా దగ్గరికి బాగుచేయమని చాలా వచ్చాయి, బాగుచేయడానికి అందులో ఏమీ ఉండదు. '16ఎక్స్ జూమ్' అని పెట్టె మీద రాసి ఉంటుంది, అది డిజిటల్ జూమ్, అంటే ఉన్న బొమ్మనే కోసి సాగదీయడం. లెన్సు లోపల కదిలే గాజేదీ ఉండదు. చాలావాటికి ఫోకస్ ఒకే దూరానికి బిగించి ఉంటుంది, బాబు దగ్గరికి పాక్కుంటూ వస్తే మసకే. చేతి వణుకు ఆపే ఏర్పాటు ఉండదు. '48 మెగాపిక్సెల్' అన్నది చూసి మోసపోకండి. 4కె వీడియోలో ఒక ఫ్రేముకి కావలసింది 3840 గుణిస్తే 2160, సుమారు 83 లక్షల చుక్కలు. అంతకు మించి రాసిన అంకె ఏదైనా వీడియోకి అక్కరకు రాదు, పైగా వీటిలో ఆ 83 లక్షలు కూడా సొంతం కావు, చిన్న బొమ్మను పెద్దది చేసి ఇస్తాయి. స్పెసిఫికేషన్లలో 'ఆప్టికల్ జూమ్' (లెన్సు గాజు కదిలి చేసే అసలు జూమ్) అనే మాట, చేతి వణుకు ఆపే పద్ధతి పేరు, రెండూ లేకపోతే ఆ పేజీ మూసేయండి.

సీఎక్స్405ని మాత్రం నేను తీసిపారేయను. 30ఎక్స్ ఆప్టికల్ జూమ్ ఉంది. అరచేతిలో పట్టీ బిగించుకుంటే ఒంటిచేత్తో పట్టుకోవచ్చు. తెర విప్పితే ఆన్, మూస్తే ఆఫ్. బొటనవేలి కింద ఒకే బటన్. గంటలకొద్దీ తీసినా వేడెక్కి ఆగిపోవడం లాంటి గొడవల్లేవు. మీ నాన్నగారి వయసువాళ్ళకి దీనికన్నా సులువైన కెమెరా ఇవ్వలేం. కానీ బయట మైకు పెట్టుకునే చిల్లు లేదు, రాత్రి బొమ్మ నేను పైన చెప్పినట్టే ఉంటుంది. గట్టిగా అడిగితే, మూడు నాలుగేళ్ళ లోపు మంచి ఫోను మీ దగ్గరుంటే రాత్రిళ్ళు అదే దీనికన్నా బాగా తీస్తుంది. అదే హ్యాండీక్యామ్ వాడుక నచ్చితే పైన చెప్పిన ఏఎక్స్43 గానీ ఏఎక్స్53 గానీ సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. 20ఎక్స్ జూమ్, 4కె, వీటిలో చేతి వణుకును ఆపడానికి లెన్సూ సెన్సరూ కలిసి ఒక గుండుగా లోపల తేలుతుంటాయి. నడుస్తూ తీసినా బొమ్మ కుదురుగా ఉంటుంది. ఏఎక్స్53కి కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ కూడా ఉంది, ఎండలో తెర కనపడనప్పుడు పనికొస్తుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేముందు కాస్త ఓపికగా చూడాలి. లెన్సులోకి ఫోను టార్చి వేసి పక్కనుంచి చూడండి. సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే అది బూజు, మన కోస్తా గాలిలో తేమకి ఇది మామూలే, తీసుకోకండి. జూమ్ ఈ చివర్నుంచి ఆ చివరికి నాలుగుసార్లు నడిపించండి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు, గరగరలాడకూడదు. తెరను విప్పి, తిప్పి, మడిచి చూడండి, ఒక కోణంలో బొమ్మ పోయి ఇంకో కోణంలో వస్తే లోపల రిబ్బన్ తెగుతోందని అర్థం. లెన్సు మూసి ఒక నిమిషం రికార్డు చేసి పెద్ద తెర మీద వేసి చూడండి, నల్లటి తెర మీద తెల్ల చుక్కలు కదలకుండా నిలబడితే సెన్సర్ పాడైంది. చివరికి ఇరవై నిమిషాలు ఆపకుండా తీసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. అమ్మేవాళ్ళు తొందరపెడితే లేచి వచ్చేయండి.

హ్యాండీక్యామ్ ఏది కొన్నా ఒక సెట్టింగు మాత్రం చూసుకోవాలి. సోనీ వాటిలో కొన్నిటికి కెమెరా వెనకున్న మనిషి గొంతును తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంటుంది, 'మై వాయిస్ క్యాన్సిలింగ్' అంటారు. దాన్ని ఆఫ్‌లో పెట్టండి. ఇంట్లో ఎప్పుడూ తీసేది ఒక్కరే అవుతారు, మీ ఇంట్లో అది మీరే. పదిహేనేళ్ళ తర్వాత మీ పాప ఈ వీడియోలు చూస్తే మీరు ఎక్కడా కనపడరు. 'ఇటు చూడమ్మా, మళ్ళీ ఒకసారి చెయ్యి' అనే మీ మాటే మీరు.

పాకెట్ 3కి వద్దాం. 2023 అక్టోబరులో వచ్చింది. బరువు 179 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. చిన్న తెరను అడ్డంగా తిప్పితే ఆన్ అవుతుంది. మోటార్ల మీద నిలబడ్డ తల కాబట్టి బాబు వెనక వంగి నడుస్తూ తీసినా కుదుపు ఉండదు. లోపల మైకులు మూడున్నాయి, ఇంట్లో నాలుగడుగుల లోపల మాట శుభ్రంగా పడుతుంది. అదే కంపెనీ వైర్‌లెస్ మైకు, మైక్ 2, దీనికి ఏ రిసీవరూ లేకుండా నేరుగా కలుస్తుంది. దాన్ని మీ నాన్నగారి చొక్కాకి తగిలించి ఆయన చిన్ననాటి తణుకు గురించి అడగండి. ఫ్యాను ఐదులో తిరుగుతున్నా ప్రతి మాటా పడుతుంది.

దీని లోటు జూమే. ఆప్టికల్ జూమ్ అసలు లేదు. మీ పాప కూచిపూడి స్టేజీ మీద ఉంటుంది, మీరు ఆడిటోరియంలో యాభై అడుగుల వెనక కుర్చీలో ఉంటారు. ఈ లెన్సుకి అంత దూరం నుంచి తొంభై అడుగుల వెడల్పు కనిపిస్తుంది, పాప అగ్గిపుల్లంత. ఫుల్ హెచ్‌డీలో నాలుగు రెట్లు డిజిటల్ జూమ్ చేసినా ఇరవై రెండడుగులు, ముద్ర పట్టిన వేళ్ళు కనపడవు. అక్కడ 20ఎక్స్ హ్యాండీక్యామ్ రాజు. పదిరెట్ల దగ్గర ఆరేడడుగులు, పాప నిలువునా నిండుతుంది. ఇరవై రెట్ల దగ్గర నడుము పైనుంచి, కళ్ళ కదలిక కూడా తెలుస్తుంది. కూచిపూడిలో చూడాల్సింది కళ్ళే కదా.

మరి ఏది? స్టేజీ ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో వస్తుంది. వాటికోసం మిగతా మూడొందల అరవై రోజుల కెమెరాను ఎంచుకోకండి. హైదరాబాద్‌లో కెమెరాలు రోజు అద్దెకిచ్చే షాపులు చాలా ఉన్నాయి. నాట్య ప్రదర్శన రోజున 20ఎక్స్ హ్యాండీక్యామ్, ఒక ట్రైపాడ్ అద్దెకు తెచ్చుకోండి. కావాలంటే ముందురోజు రాత్రే తెచ్చుకుని ఇంట్లో పాపతో సాధన చేయించి జూమ్‌కి చేయి అలవాటు చేసుకోండి. ఇంటికి మాత్రం పాకెట్ 3 తీసుకోండి. మీ వివరాలకు నా సమాధానం ఇదే. పాకెట్ 3 బిల్లు మీద వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో రాయించుకుని మరీ కొనండి, బయటి దేశాల నుంచి వచ్చిన సరుకు కూడా షాపుల్లో ఉంటోంది.

ఈ సమాధానం ఒక్క చోట మారుతుంది. షాపుకి మీ నాన్నగారిని తీసుకెళ్ళండి. ఏమీ చెప్పకుండా పాకెట్ 3 ఆయన చేతికిచ్చి పది నిమిషాలు ఊరుకోండి. రెండంగుళాల తెర ఆయన కళ్ళకి ఆనకపోతే, లేదా వేలు తగిలి మెనూలు మారిపోతుంటే, అది పగలంతా అలమరాలోనే ఉంటుంది. మీ అమ్మానాన్నలు వచ్చి ఉన్న నెలల్లో పగలు పిల్లల దగ్గరుండేది వాళ్ళే. బాబు మొదటి అడుగు మీరు ఆఫీసులో ఉండగానే వేస్తాడు. ఆయన చేతికి లొంగే కెమెరా పట్టీ ఉన్న హ్యాండీక్యామే అయితే, ఏఎక్స్43 గానీ 53 గానీ తీసుకుని రాత్రివేళ బొమ్మలో కొంచెం నాణ్యత వదులుకోండి. పానాసోనిక్, కెనాన్ క్యామ్‌కార్డర్లలో కొన్నిటికి 'ప్రీ రికార్డింగ్' అని ఒక వసతి ఉంటుంది, బటన్ నొక్కడానికి ముందు మూడు సెకన్లు కూడా దాచి ఉంచుతుంది. చేయి కాస్త నిదానమైన పెద్దవాళ్ళకి అది వరం లాంటిది. దొరికితే దాన్నీ చూడండి.

ఫోను చాలదా అంటే, బొమ్మ వరకు చాలా సార్లు చాలుతుంది. నేను మొహమాటం లేకుండా చెప్తాను, డబ్బు ఇబ్బందిగా ఉంటే ఏమీ కొనకండి, ఫోనుతోనే తీయండి. ఫోనుతో వచ్చే నష్టం వేరు. తీస్తుండగా కాల్ వస్తుంది. స్టోరేజ్ నిండిందని పాతవి చెరుపుతాం. వాట్సాప్‌లో పంపి, అసలుది పోయినా పర్వాలేదనుకుంటాం. వాట్సాప్ మామూలుగా వీడియోను బాగా కుదించి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపితేనే అసలుది అసలులా వెళ్తుంది. అన్నిటికన్నా పెద్దది, ఫోను పైకెత్తగానే పిల్లలు ఆట ఆపేసి స్క్రీను చూడటానికి పరిగెత్తుకొస్తారు. కెమెరాకి అలవాటు పడ్డ పిల్లలు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. లెన్సులు మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరాలు, ఆటల్లో వాడే చిన్న గోప్రో కెమెరాలు మీకు అక్కర్లేదు. మొదటివి బ్యాగులోంచి బయటికి రావు, రెండోవాటితో రాత్రిళ్ళు ఇంట్లో బొమ్మ బాగా రాదు.

కార్డు విషయంలో పిసినారితనం వద్దు. వి30 (కార్డు రాసే వేగం గుర్తు) అని రాసి ఉన్నది, తెలిసిన షాపులో బిల్లుతో కొనండి. 128 జీబీవి రెండు. నకిలీ కార్డులు చాలా తిరుగుతున్నాయి, 128 అని చూపించి ముప్ఫై దాటగానే పాతదాని మీదే రాసేస్తాయి. కొత్త కార్డును ఒకసారి నిండుగా నింపి, అన్నీ వెనక్కి కాపీ అవుతున్నాయో లేదో చూశాకే వాడండి. సెకనుకి 50 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకి ఇరవై రెండున్నర జీబీ. వారానికి పావుగంట తీశారనుకోండి, ఏడాదికి పదమూడు గంటలు, సుమారు 290 జీబీ. రెండు టీబీ హార్డ్ డిస్కు ఆరేళ్ళ పైనే వస్తుంది. అలాంటివి రెండు కొని ఒకే సరుకు రెండిట్లోనూ వేయండి, ఒకటి తణుకులో ఉంచండి. నీళ్ళొచ్చినా, దొంగతనం జరిగినా, ఒక డిస్కు చచ్చిపోయినా రెండోది ఉంటుంది. పాత హ్యాండీక్యామ్ ఏవీసీహెచ్‌డీ అనే ఫైలు పద్ధతిలో తీస్తే విడి ఫైళ్ళు ఏరుకోకుండా కార్డులోని ఫోల్డర్ మొత్తాన్నీ అలాగే కాపీ చేయండి, పెద్ద వీడియోలను అది ముక్కలుగా దాస్తుంది. ముక్కల మధ్య లెక్క ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది.

కెమెరా ఆన్ చేయగానే తేదీ, టైము సరిచేయండి. నా దగ్గరికొచ్చే కార్డుల్లో సగానికి పైగా జనవరి 1 అనే చూపిస్తాయి. ఏ పుట్టినరోజు ఏ ఏడాదిదో ఇంట్లోవాళ్ళే పోట్లాడుకుంటారు.

మీ ఇంట్లో పాట వెయ్యడం, కట్ చేయడం మీ ఇష్టం, కానీ అసలు ఫైలును మాత్రం ముట్టుకోకండి. ఎడిట్ చేసింది పక్కన వేరే పేరుతో దాచండి.

తేమ సంగతి. వాడనప్పుడు కెమెరాను తోలు సంచిలో పెట్టి అలమరాలో పడేయకండి, బూజు పట్టడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి. తణుకు తీసుకెళ్ళినప్పుడు, ముఖ్యంగా వానాకాలంలో, ఇది తప్పనిసరి. బియ్యం డబ్బాలో పెట్టమని కొందరు చెప్తారు, పిండి దుమ్ము జూమ్ సందుల్లోకి పోతుంది, వద్దు.

మీ నాన్నగారి బీరువాలో హై8 క్యాసెట్లున్నాయన్నారు కదా. వాటిని ఈ ఏడాదే ఎక్కించేయండి. ఆ టేపుకన్నా ముందు దాన్ని ఆడించే యంత్రాలు మాయమైపోతున్నాయి. ఎక్కించేవాళ్ళని ఒక ప్రశ్న అడగండి, హై8 తర్వాత వచ్చిన డిజిటల్8 కెమెరాలో ఆడించి ఫైర్‌వైర్ అనే డిజిటల్ తీగతో తీస్తారా లేక మామూలు పసుపు, ఎరుపు, తెలుపు తీగలతోనా అని. డిజిటల్8లో కొన్ని మోడళ్ళు హై8ని ఆడిస్తాయి, బొమ్మా మాటా కుదురుగా కలిసి వస్తాయి. తెల్ల బూజు కనిపిస్తున్న క్యాసెట్టును మాత్రం మీరు ఏ ప్లేయర్‌లోనూ పెట్టకండి, టేపు అతుక్కుని తెగుతుంది.

కొన్న రోజు రాత్రే, రిటర్న్ గడువు ఉండగానే ఒక పని చేయండి. హాల్లో ట్యూబ్‌లైటు వేసి, ఫ్యాను మామూలుగా తిరగనిచ్చి, వంటింట్లో చప్పుళ్ళేవీ ఆపకుండా, మీ అమ్మగారి పక్కన నేల మీద కూర్చోండి. ఆవిడ ఏ చిక్కుడుకాయలో వలుచుకుంటూ ఉంటారు. కెమెరా ఆవిడ కళ్ళ ఎత్తులో పెట్టి, జూమ్ ముట్టుకోకుండా పది నిమిషాలు మాట్లాడించండి. బాబు మధ్యలోకి వస్తే రానివ్వండి. తర్వాత టీవీకి తగిలించి చూడండి. మొహం రంగు మొహం రంగులా ఉందా, వెలుతురు అలలు కదులుతున్నాయా, అన్నిటికన్నా ముఖ్యంగా కళ్ళు మూసుకుని విన్నప్పుడు ఆవిడ మాట ప్రతీదీ అర్థమవుతోందా చూడండి. అర్థం కాకపోతే మర్నాడే వెనక్కిచ్చేయండి. వెనక్కిచ్చేముందు ఆ పది నిమిషాలు కాపీ చేసుకోవడం మాత్రం మరిచిపోకండి.